సగం గడ్డం

కుడి బుగ్గ గీయడం అవగానే సెలూనాయన కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మరి ఎడమవైపు?" అన్నాడు కుర్చీలోని శాసనసభ్యుడు నురగలోంచి.

"చూద్దాం సార్."

"చూద్దామేమిటయ్యా?"

"మూణ్ణెల్లుగా మీరంటున్న మాటే. ఇళ్ళ బిల్లుకి ఓటెయ్యమని మా వీధి వీధంతా మీ దగ్గరికొచ్చాం. చూద్దామన్నారు. మళ్ళీ వచ్చాం. మళ్ళీ చూద్దామన్నారు. గోడ మీద పిల్లికైనా ఎప్పుడో ఒకప్పుడు కాళ్ళు నొప్పెడతాయి సార్."

అద్దం కింద సంతకాల పుస్తకం ఉంది. ఆ సెలూన్లో కత్తెర ఆడాలంటే ముందు అందులో సంతకం పడాలి. బట్టతలవాళ్ళు కూడా పనిగట్టుకుని వచ్చి పెట్టిపోయారు. ఆ బిల్లు గట్టెక్కితే ఇల్లు లేనివాళ్ళకి ప్రభుత్వం తక్కువ అద్దెకి గదులు కట్టించాలి. వేరే చోటు చూపించకుండా అద్దెకున్నవాళ్ళని ఎవరూ ఖాళీ చేయించకూడదు. గట్టెక్కకపోతే, సెలూన్ వెనక గదిలో కాపురముంటున్న సెలూనాయనా అతని భార్యా ఈ నెలాఖరుకి సామాన్లతో రోడ్డు మీద ఉంటారు. ఓటింగు ఇవాళ పన్నెండింటికి, పక్క వీధిలోని శాసనసభలో. రెండు వర్గాలూ నువ్వా నేనా అన్నట్టున్నాయి. ఓట్లు సమానమైతే బిల్లు పోయినట్టే. ఎటూ తేల్చనిది ఈ సగం గడ్డం ఒక్కటే.

"నన్ను బెదిరిస్తున్నావా?"

"అయ్యో, ఎంత మాట సార్. ఇలాగే వెళ్ళండి. టీవీలో రెండు వైపులా చూపిస్తారు."

సభ్యుడు అద్దంలో ముఖం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. గడియారం చూశాడు. పదకొండు. ఫోన్ తీసి చెవిన పెట్టుకున్నాడు.

"ఆఁ, నేనే. ఇళ్ళ బిల్లుకే నా ఓటు. మాటంటే మాటే," అని పెట్టేశాడు.

వెనక గది గుమ్మంలో నిలబడ్డ భార్య కళ్ళొత్తుకుంది. "మా కడుపున పాలు పోశారు బాబూ."

సెలూనాయనకి సంతోషంతో చేతులు వణికాయి. అవి కుదుటపడేదాకా కత్తి తియ్యొద్దన్నాడు సభ్యుడు. కుదుటపడ్డాక ఎడమ బుగ్గని అద్దంలా గీశాడు. అంతటితో వదలొచ్చుగా? వదల్లేదు.

"ఇంత మేలు చేసినవారిని ఉత్తినే పంపిస్తానా?" అంటూ తల మాలిష్‌కి నూనె సీసా తీశాడు.

"టైమవుతుందయ్యా."

"రెండు నిమిషాలు సార్."

రెండో నిమిషానికి సభ్యుడి మెడ వాలింది. మూడో నిమిషానికి గురక మొదలైంది.

"ఏమయ్యా, లేపు," అంది భార్య.

"పాపం, మన గురించి ఆలోచించీ ఆలోచించీ అలిసిపోయాడే. ఇంకా బోలెడు టైముంది."

ఆవిడ వంట ముగించుకుని వచ్చేసరికి పన్నెండుకి రెండు నిమిషాలుంది. మాలిష్ చేస్తూ చేస్తూ సెలూనాయన కూడా నిలబడే కునుకు తీస్తున్నాడు. ఆవిడ పెట్టిన కేకకి ఇద్దరూ ఒకేసారి ఉలిక్కిపడ్డారు. సభ్యుడు మెడకి కట్టిన తెల్లగుడ్డతోనే వీధిలోకి పరుగు తీశాడు.

"మన కొంప నువ్వే ముంచావు కదయ్యా. ఉన్న ఒక్క ఓటునీ జోకొట్టి పడుకోబెట్టావు," అంటూ ఆవిడ కుర్చీలో కూలబడింది.

సెలూనాయనకి ఏడుపొచ్చింది. నూనె చేతులతోనే టీవీ పెట్టాడు.

పన్నెండుంబావుకి చెప్పారు. ఇళ్ళ బిల్లు గెలిచింది. ఒకే ఒక్క ఓటు తేడాతో.

"అందుకున్నాడయ్యా, మహానుభావుడు అందుకున్నాడు," అంది భార్య.

"మరి? నా మాలిష్‌తో వచ్చిన హుషారు," అన్నాడు సెలూనాయన మీసం దువ్వుకుంటూ.

అంతలో టీవీలో సభ్యుడే కనబడ్డాడు. మెడకి తెల్లగుడ్డ, వెనక మూసిన సభ తలుపులు. విలేకరి మైకు లాక్కుని ఊగిపోతున్నాడు.

"ఒక్క నిమిషం ఆలస్యమైందని లోపలికి రానివ్వలేదండీ! రానిచ్చుంటే, నా ఓటుతో ఆ బిల్లుని నేనే ఓడించేవాణ్ణి!"