ఆయన మాటగా

కొత్త మేనేజరు బల్లమీద పరిచిన పటంపై ఓనరు పెదవి చివర నుంచి ఒక చుక్క జారి పడింది.

పక్కనే కూర్చున్న అక్కగారు రుమాలు తీసింది. ముందు తమ్ముడి నోరు తుడిచింది. తర్వాత పటం తుడిచింది.

అట్టపెట్టెల కంపెనీ మొత్తం ఆ పటంలో గడులుగా ఉంది. పైన ఓనరు, కింద మేనేజరు, ఆ కింద విభాగాలు. ఎవరు ఎవరిని అడగాలో, ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో గీతలు గీసి ఉన్నాయి.

"మీకు గడి లేదమ్మా," అన్నాడు మేనేజరు.

"నోరు తుడవడానికి గడెందుకు బాబూ?"

పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఓనరు మాట ఎవరికీ అందడం లేదు. ఆమె ఆయన నోటి దగ్గర చెవి పెట్టి చాలాసేపు వినేది. "సరేనంటున్నాడు" అనేది. లేదా "వద్దంటున్నాడు" అనేది. అందరూ తలూపి పనిలోకి వెళ్లేవారు.

"మధ్యలో ఇంకో మనిషి ఉండకూడదమ్మా. ఇకనుంచి నేనే నేరుగా అడుగుతాను."

"అంత తొందరగా వినబడదు. ఓపిగ్గా కూర్చోవాలి."

"కూర్చుంటాను."

ఆమె తమ్ముడి వైపు చూసింది. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. రుమాలు మడిచి ఆయన ఒళ్లో పెట్టింది.

"వాణ్ని మాత్రం కసురుకోకండి," అని చెప్పులేసుకుంది.

కొన్నాళ్లకు పెద్ద ఖాతాదారు ఒకాయన కబురు చేశాడు. చిన్న ఆర్డర్లన్నీ ఆపి తన పనే చేయాలన్నాడు.

"ఒప్పుకుందాం," అన్నారు అమ్మకాలవాళ్లు.

"చిన్నవాళ్లను వదిలేస్తే రేపు మన గుమ్మం ఎవరు తొక్కుతారు?" అన్నాడు షెడ్డు మేస్త్రి.

మేనేజరు ఓనరు నోటి దగ్గర చెవి పెట్టాడు. ఊపిరి తగిలింది. మాట లేదు.

మర్నాడూ పెట్టాడు. అంతే.

ఎవరూ ఏదీ తేల్చలేదు. పెద్ద ఖాతాదారు వేరేచోటు చూసుకున్నాడు. సరుకు ఎప్పుడిస్తారో చెప్పేవాళ్లు లేక చిన్నవాళ్లూ జారుకున్నారు. ఒక షెడ్డుకు తాళం పడింది. మేస్త్రి తాళంచెవి తెచ్చి బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

అప్పుడు మేనేజరు అక్కగారికి ఫోన్ చేశాడు. కూతురు ఎత్తింది.

"అమ్మ పోయి నెల దాటిందండీ. ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాం. మీదాకా రాలేదా?"

ఆ కబురు ఎవరు ఎవరికి చేర్చాలో పటంలో లేదు.

మేనేజరు ఫోన్ పెట్టేశాడు. బాధపడాలని తెలుస్తోంది గానీ, లోపల ఏమీ కదలలేదు.

సాయంత్రం డాక్టరు ఓనరును చూడటానికి వచ్చాడు.

"నేనెంత ప్రయత్నించినా ఈయన మాట అందడం లేదు డాక్టరుగారూ. అక్కగారికి ఎలా తెలిసేదో."

డాక్టరు ఓనరు చెయ్యి మెల్లిగా కింద పెట్టాడు.

"మాట ఒక్కటే కాదండీ, మనం చెప్పేది అర్థం చేసుకునే శక్తి కూడా ఈయనకు పక్షవాతం వచ్చిన రోజే పోయింది. ఆస్పత్రిలో ఉండగానే ఆవిడకు చెప్పాను."