నత్త నాగులమ్మ రాసిన పేర్లు

నక్క దొర అడవంతా దండోరా వేయించింది. "నాలుగు కాళ్ళకు మించి ఒకచోట కనబడితే అది గుంపే. గుంపు కట్టినవాళ్ళు గోతిలోకే!"

మొదట చీమ సూరమ్మ దొరికింది. పాపం, గింజ మోసుకుంటూ ఇంటికి పోతోంది.

"నేనొక్కదాన్నే కదయ్యా!" అంది.

"కాళ్ళు ఆరున్నాయిగా!" అంటూ కాపలా ఉడుము ఆమెను గోతిలో పడేసింది. సాయంత్రం జెర్రి నూకయ్యను పట్టుకుని, కాళ్ళు లెక్కపెట్టలేక, పెద్ద తిరుగుబాటని దొరకు చెప్పింది.

మావాళ్ళు ఏరీ అని చీమలు అడిగితే, "ఈ అడవిలో చీమలే లేవు" అనేది నక్క దొర.

కాళ్ళే లేని నత్త నాగులమ్మను మాత్రం ఎవరూ ఆపలేదు. ఆమె గడపగడపకూ పాక్కుంటూ వెళ్ళి, ఎవరిని ఎప్పుడు పట్టుకెళ్ళారో అడిగి, తన జిగురుతో పెద్ద బండ మీద రాసేది. ఒక్కో పేరుకు ఒక పూట పట్టేది. ఎండ పడితే ఆ పేర్లు మెరిసేవి. జంతువులు ఒక్కొక్కటిగా వచ్చి చదువుకుని పోయేవి.

దొరకు ఒళ్ళు మండింది. "పోయి మొత్తం నాకి చెరిపెయ్!" అని ఉడుమును పంపింది.

ఉడుమును చూసి నాగులమ్మ గుల్లలోకి ముడుచుకోలేదు. "చదివి చెరుపు నాయనా" అంది.

ఉడుము పేరుపేరునా చదివింది. చాచిన నాలుకను మళ్ళీ లోపలికి తీసుకుంది.

"అత్తా, మిడత వీరన్న పేరు లేదు" అంది మెల్లగా. "మొన్న మధ్యాహ్నం, వాగు పక్కన. పట్టుకెళ్ళింది నేనే. రాసుకో."

నాగులమ్మ రాయసాగింది. జిగురు ఆరిపోకుండా ఉడుము ఎండకు అడ్డంగా నిలబడింది.