మళ్లీ బందైంది

"నీ యాప్ మల్ల బందైంది బిడ్డా."

ఆ గొంతు వినగానే జమునకు చిరాకేసింది.

గోదావరిఖనిలో ఒక మేడమీది గదిలో ఒంటరిగా ఉంటూ, అక్కడి నుంచే కంప్యూటర్ ఉద్యోగం చేస్తుందామె. చుట్టుపక్కల రక్తదాతల ఫోన్ నంబర్లు చూపించే యాప్ ఒకటి సొంతంగా చేసి ఊరికి ఇచ్చింది. దాని సర్వర్ ఎక్కడో ఉన్న లినక్స్ మెషీన్ మీద నడుస్తుంది. కానీ జమున తన లాప్‌టాప్‌లో దాన్ని నడిపించే టెర్మినల్ కిటికీ మూసిందంటే, అదీ ఆగిపోతుంది.

ఆగిన ప్రతిసారీ ఈ ఎల్లేశం ఫోన్ చేస్తాడు. బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన మనిషి. అతని ముఖం జమున ఎప్పుడూ చూసింది లేదు.

"రక్తం కావాల్నా కాకా?"

"నాకేం వద్దు."

"మరి గిన్నిసార్లు ఎందుకు చూస్తరు?"

"ఊకెనే. జర జల్ది నడిపియ్యి తల్లీ."

ఒకరోజు జ్వరంతో పడుకుని ఉంటే మళ్లీ ఫోన్ మోగింది.

"మీకు వేరే పని లేదా కాకా? నన్ను పండనియ్యరా?"



"పానం బాగలేదా బిడ్డా? గోలీ ఏసుకో." ఆ వెంటనే మెల్లగా అన్నాడు. "గా యాప్ నడిపిచ్చి పండుకో."

జ్వరం తగ్గగానే జమున సర్వర్‌ను బ్యాక్‌గ్రౌండ్ సర్వీసుగా మార్చింది. ఇక లాప్‌టాప్ మూసినా అది వెనకాల నడుస్తూనే ఉంటుంది. ఆగినా దానంతటదే మొదలవుతుంది.

ఎల్లేశం ఫోన్లు ఆగిపోయాయి.

మొదట హాయిగా ఉంది. రానురాను గదిలో ఫ్యాను చప్పుడే మిగిలింది. తనను 'బిడ్డా' అని పిలిచే గొంతు ఆ ఊళ్లో అదొక్కటేనని అప్పుడు తెలిసింది.

బతుకమ్మ నాడు తనే ఫోన్ చేసింది. ఎవరో ఆడమనిషి ఎత్తింది.

"నేను రక్తం యాప్ జమునను, ఎల్లేశం కాక ఉన్నడా?"

"నేను ఆయన పెండ్లాన్ని, ఐలవ్వను. ఆయన పోయి నెల దాటింది బిడ్డా."

జమున లేచి ఫ్యాను ఆపేసింది.

"నీ యాప్ గిప్పుడు బందైతలేదని మస్తు సంబురపడ్డడు," అంది ఐలవ్వ.

"ఎవరికోసం గట్ల చూసెటోడవ్వా?"

"మా కొడుకు జైపాల్ దవాఖాన్ల ఉన్ననాడు నీ యాప్ బందుండె బిడ్డా, రక్తం దొరుకకనే వాని పానం పాయె, ఇంకో తండ్రికి గట్ల కావద్దని చూసుకుంట కూసునెటోడు."