గూళ్లు నేర్చిన ఇసుక

ఆ కరీబియన్ దీవిలో అసలు ఇసుకను సముద్రం ఎప్పుడో తినేసింది. ఇప్పుడు రిసార్టు ముందున్నది మనుషులు తయారుచేసి పరిచిన పెంపుడు ఇసుక. పిల్లలు ఏం కట్టినా, వాళ్లు అలా వదలగానే తనంతట తానే చదునైపోతుంది.

సుభాషిణి తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక కప్పి, అరచేత్తో మెత్తగా తట్టింది. ఊపిరి బిగబట్టి కాలు వెనక్కి తీసేసరికి పిచ్చుక గూడు నిలిచింది. మనవరాలు మైత్రి తొంగి చూసేలోపే ఇసుక దాన్ని మింగేసింది.

"మళ్లీ కట్టు, అమ్మమ్మా."

"ఎన్నిసార్లు కట్టనే? పొద్దున్నే విమానం ఎక్కాలి. గూడంటే ఏంటో దీనికి తెలీదు."

"తెలీకపోతే చెప్పొచ్చుగా."

సుభాషిణికి నవ్వొచ్చింది. అయినా మళ్లీ కట్టింది. మనిషి కాలు లోపలున్నంతసేపూ ఆ ఇసుక కదలదు. అందుకని తిమ్మిరెక్కేదాకా కాలు తియ్యకుండా, గోదారి ఒడ్డున వాళ్లమ్మ తనకి చెప్పినట్టే ఇసుకకి చెప్పింది.

"ఇది పిచ్చుక ఇల్లు. అది వచ్చేదాకా ఉంచాలి."

కాలు తీయగానే అదీ కూలింది.

తెల్లవారి పెట్టెలతో బయటికి వస్తే, గుమ్మం దగ్గర్నుంచి నీళ్ల అంచుదాకా అన్నీ గూళ్లే. మైత్రి ఒకదాంట్లో కాలు పెట్టి చూసింది. వదులైంది.

"నువ్వు పెట్టు, అమ్మమ్మా."

సుభాషిణి చెప్పు విడిచి పాదం లోపలికి జొనిపింది. వంకర చిటికెనవేలితో సహా సరిగ్గా సరిపోయింది. తీసేద్దామనుకుంటుండగా, పైనున్న ఇసుక ఆమె పాదాన్ని మెత్తగా తట్టడం మొదలుపెట్టింది.