సెకనుకు అరవై

"సిగ్గులేదూ మీకు? డొక్కు కంప్యూటర్ పెట్టింది మీరు, చెయ్యి వణుకుతోందని రాసేది నా మీదా?"

క్రేన్ డ్రైవరు అరిచిన అరుపుకి, గది బయట వరసలో నిలబడ్డ మిగతా డ్రైవర్లు లోపలికి తొంగిచూశారు. ఆఫీసరు మాత్రం తల ఎత్తలేదు.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. రెండుసార్లు తప్పావు. ఇది మూడోది, ఆఖరిది. ఇందులోనూ తప్పితే క్యాబిన్ తాళం ఇచ్చేసి గేటు దాటడమే."

"మద్దెల నిజంగానే ఓడు సార్! మీరొచ్చి కూర్చోండి, తెలుస్తుంది."

అసలు అది పరీక్ష కూడా కాదు, ఆట. పిల్లలు ఇళ్లలో ఆడుకునే క్రేన్ ఆట. దాన్ని ఎవరికీ పనికిరాక మూలపడ్డ కంప్యూటర్లోకి ఎక్కించి, ఇరవై రెండేళ్లుగా అసలు క్రేన్ నడుపుతున్నవాణ్ణి దాని ముందు కూర్చోబెట్టారు. ఇరవై నిమిషాల్లో పన్నెండు కంటైనర్లు ఓడ మీంచి యార్డులోకి దించాలి. మీట ఇప్పుడు నొక్కితే కొక్కెం కాసేపాగి కదులుతుంది. అదీ కదిలినట్టు కదలదు, కప్పలా గెంతుతుంది.

"బావా, నువ్వు అరవకు" అంటూ బావమరిది స్క్రూడ్రైవరు పట్టుకుని ముందుకొచ్చాడు. కంపెనీలో కంప్యూటర్లు బాగుచేసేది అతనే. "నువ్వు తప్పితే అక్క నన్ను గడప తొక్కనివ్వదు. ఆ మూల అంకె చూడు, పన్నెండు. సెకనుకు పన్నెండు బొమ్మలే గీయగలుగుతోంది ఈ ముసలిది. అరవై గీసిందనుకో, నీ చెయ్యీ కొక్కెమూ ఒకటైపోతాయి."

"గీయమను మరి."

"గీయాల్సినవి తగ్గిస్తే గీస్తుంది. పని తగ్గిస్తే ఎవరైనా హుషారుగా చేస్తారు. ఇంట్లో నువ్వు చెయ్యవూ?"

"మీ అక్క ఉండగా నాకు పనెప్పుడు తగ్గిందిరా?"

"పది నిమిషాలు" అన్నాడు ఆఫీసరు వాచీ చూసుకుంటూ. "బాగైనా కాకపోయినా మొదలుపెట్టాల్సిందే."

బావమరిది డబ్బా విప్పి ఫ్యానుకి పట్టిన దుమ్ము ఊదాడు. వెనక నడుస్తున్న అడ్డమైన ప్రోగ్రాములన్నీ ఆపేశాడు. పద్దెనిమిది. ఆటలో నీడలు తీసేశాడు. ఇరవై ఆరు. నీళ్ల మెరుపు, పొగ, మబ్బులు తీసేశాడు. ముప్పై అయిదు. అక్కడ మొరాయించింది.

"ఇంకా ఏదో బరువుంది" అని గొణిగి, నుదుటి చెమట తుడుచుకుని, సెట్టింగుల వరసలో అట్టడుగున ఉన్నదాన్ని మౌసుతో పట్టి ఎడమ చివరికంటా లాగేశాడు. అంకె అరవైకి ఎగిరి కూర్చుంది.

"ఏం తీశావురా?"

"నీకు పనికిరానిది. కూర్చో బావా, టైమైంది."

కూర్చున్నాడు. మీట నొక్కాడు. కొక్కెం తన వేలి చివరే వేలాడుతున్నట్టు కదిలింది. అతని కళ్లు చెమర్చాయి. మొదటిది దించాడు, రెండోది దించాడు. ప్రతి కంటైనరు దించేముందు అలవాటుకొద్దీ హారన్ కొట్టి, మనసులో అయిదు లెక్కపెట్టి, అప్పుడు దించాడు.

"ఎవరికయ్యా ఆ మోత, కాకులకా?" అని ఆఫీసరు విసుక్కున్నాడు. "ఖాళీ యార్డు కనబడటంలా? ఇలా కూస్తూ కూర్చుంటే టైము చాలదు. మూడోసారీ తప్పుతావు."

నిజమే. ఇంతకుముందు రెండుసార్లూ తెర నిండా ఏవేవో గెంతుతుండేవి. ఇప్పుడు యార్డంతా ఊడ్చిపెట్టినట్టుంది. తొమ్మిదో కంటైనరు నుంచి హారన్ మానేశాడు. చెయ్యి దానంతటదే హారన్ మీట మీదికి పోతుంటే బలవంతాన వెనక్కి లాక్కున్నాడు. పది. పదకొండు. పన్నెండు. ఇంకా నిమిషం మిగిలే ఉంది. బయట డ్రైవర్లు చప్పట్లు కొట్టారు.

"అక్కకి ఫోన్ చెయ్యనా బావా?"

తెర మీద అక్షరాలు పడ్డాయి. కంటైనర్లు: పన్నెండు. సమయం: పందొమ్మిది నిమిషాలు. దాని కింద ఎర్రగా ఇంకో వరస. నలిగి చనిపోయినవారు: ముగ్గురు.

"ఎవరు?" అన్నాడు డ్రైవరు. "ఎక్కడ? యార్డులో పురుగైనా లేదు కదరా!"

బావమరిది మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. "ఆఖర్న తీసింది... మనుషుల్నే బావా. వాళ్లని గీయడమే ఎక్కువ బరువు. తెర మీంచి తీసేస్తే ఆటలోంచే పోతారనుకున్నా. కనబడటం మానేశారంతే, అక్కడే తిరుగుతున్నారు. నువ్వు హారన్ కొట్టినంతసేపూ తప్పుకున్నారు. కొట్టనప్పుడు..."

ఇరవై రెండేళ్లలో అతని క్రేను కింద ఒక్కరికీ గోరు కూడా చిట్లలేదు. ఇప్పుడు ఆ చేతులు నిజంగానే వణికాయి. కాయలు కాసిన ఆ వేళ్లతోనే జేబులోంచి క్యాబిన్ తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"రాసుకోండి సార్. తప్పానని రాసుకోండి."

ఆఫీసరు అప్పటికే ముద్ర వేసేశాడు. "తప్పడమేంటయ్యా? ఫారంలో ఉన్నవి రెండే గడులు. కంటైనర్లు, సమయం. పాసయ్యావు! అందరికంటే నువ్వే ముందు. ఇదిగో మెకానిక్కూ, ఆ సెట్టింగు అలాగే ఉంచు. తర్వాతివాణ్ణి రమ్మను."

డ్రైవరు లేవలేదు. ఫారం లాక్కుని ఆఫీసరు ముందుకే తోసి, అతని చేతిలో పెన్ను కుక్కాడు.

"మూడో గడి గీయండి. చచ్చినవాళ్ల గడి. ఇప్పుడే, నా కళ్ల ముందే. అది గీసేదాకా ఈ కుర్చీలో ఇంకెవడూ కూర్చోడు."