గండికోటలో ఒకే ఒక్క టేకు

పొద్దు నడినెత్తికి వచ్చింది. నాటకాలవాళ్ళు ఇంకా రాలేదు. గండికోట గోడమీద నిలబడి దారికేసి చూస్తున్నాడు గోపన్న.

సినిమా కంపెనీకి వేషగాళ్ళను కుదిర్చే పని అతనిది. యుద్ధం నడుస్తున్న రోజులు. ఫిల్ము దొరకడమే గగనం. మిగిలింది ఒక్క సీనుకే సరిపోతుంది. అలసి సొలసిన సిపాయిల దండు పెన్నా లోయలోంచి బండలు పట్టుకుని పైకెక్కాలి. శత్రువుల గుడారాల్లో దూరి, లారీ లాక్కుని తప్పించుకుపోవాలి. ఈ రోజు ఆ సీను తీయకపోతే గోపన్న పని ఊడినట్టే. మద్రాసునుంచి వచ్చిన డైరెక్టరు ఆ మాట పొద్దున్నే చెప్పేశాడు.

అంతలో లోయ అంచున తలలు కనిపించాయి. మాసిన గడ్డాలు, పీక్కుపోయిన మొహాలు, మట్టికొట్టుకుపోయిన చెడ్డీలు.

"యాడికి పోయినారప్పా ఇంతసేపు? ఈడ మా పానాలు పోతాండాయి! బిరీన రాండి!" అని అరిచాడు గోపన్న.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మెల్లగా పైకి వచ్చారు.

"పదిమందిని రమ్మంటే ఆరుగురే వచ్చినారేమి?"

"తక్కినోళ్ళు దావలో చెదిరిపోయినారప్పా," అన్నాడు ముందున్న పొడుగాటి మనిషి.

సంగటి పెట్టిస్తే నమలకుండానే మింగేశారు. ఖాకీ బట్టలు, బూట్లు, టోపీలు ఇస్తే గబగబా తొడుక్కున్నారు. గోపన్న సీను మొత్తం వివరించాడు. పొడుగాటి మనిషి అంతా విని ఒక్కటే అడిగాడు.

"లారీలో పెట్రోలు నిండుగా ఉండాదా?"

"యేషం కట్టేటోనికి ఇంత శ్రద్ధ ఉండాల!" అని మురిసిపోయాడు గోపన్న.

కెమెరా తిరిగింది. ఏం ఎక్కారని! ఒకడి కాలు జారితే ఇంకొకడు చెయ్యందించి లాగాడు. మోచేతులు చీరుకుపోయి నిజం నెత్తురే కారింది. వాళ్ళ కళ్ళు చూసి, శత్రువుల వేషంలో ఉన్న కంపెనీ మనుషులు నిజంగానే జడుసుకుని పక్కకు తప్పుకున్నారు. ఆరుగురూ లారీలోకి దూకారు. పొడుగాటి మనిషే నడిపాడు. దుమ్ము రేపుకుంటూ లారీ జమ్మలమడుగు దారి పట్టింది.

"కట్!" అని డైరెక్టరు వచ్చి గోపన్నను కావలించుకున్నాడు. "ఎక్కడ పట్టావయ్యా వీళ్ళని! ఆ కళ్ళల్లో భయం, ఆ తెగింపు... నేర్పితే వచ్చేదా అది!"

గోపన్న గాల్లో తేలిపోయాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి పొట్టేలు కూర సిద్ధంగా ఉండాలని వంటవాడికి పురమాయించాడు.

కూర ఉడికింది. చల్లారింది. పొద్దు వాలింది. లారీ రాలేదు. దానికి బదులు రెండు ఎద్దుల బండ్లు వచ్చి ఆగాయి. ముందు బండిలోంచి మీసాల పెద్దాయన ఒకడు దిగి, గోపన్న ఎవరని వాకబు చేసి, దండం పెట్టాడు.

"ఆలస్యమైనందుకు ఏమనుకోవద్దప్పా గోపన్నా, జైలు గోడ దూకిన స్వరాజ్యమోళ్ళని ఎతుకుతా పోలీసులు మా నాటకమోళ్ళ బండ్లను మలుపు మలుపులో నిలబెట్టి సోదా చేసినారు గానీ, మీ సిపాయిల లారీకి మాత్రం సలాం కొట్టి దావ ఇడిసినారు!"