కేకేసి చెప్పిన పాస్‌వర్డు

కంప్యూటర్లో నా అరెకరం పొలం చేపలచెరువు కామందు పేరుకు మారిపోయింది. లబోదిబోమంటే, మండలాఫీసు కంప్యూటర్లకు భద్రత ఎంతుందో చూడటానికి ఏలూరు నుంచి ఆఫీసరు వచ్చాడు.

“పాస్‌వర్డు నాకొక్కడికే తెలుసండీ,” అన్నాడు ఆపరేటర్ ఫణికిరణ్, సిగ్గు లేకుండా.

వసారాలోంచి నేనందుకున్నాను. “కొల్లేరు వన్ టూ త్రీ! రోజూ ఆ గదిలోంచి ఈ గదిలోకి కేకలేసి చెప్పుకుంటారు కదండీ!”

ఆఫీసరు కలం తీసి, “మీ పేరేంటండీ మామ్మగారూ?” అన్నాడు.

“యేసమ్మండీ.”

రాసుకున్నాడు. నా గోడు విన్నవాడు ఒక్కడైనా దొరికాడనుకున్నాను.

వారానికి రిపోర్టు వచ్చింది. పాస్‌వర్డు తెలిసిన బయటి మనిషిని నేనొక్కదాన్నేనట, కాబట్టి కంప్యూటర్లో పేరు మార్చింది నేనేనట.

థూ! నా పొలం నేనే కామందుకు రాసిచ్చానా? ఉన్నదున్నట్టు రాసుకోండి ఎస్సైగారూ. నాకు సంతకం రాదు, వేలిముద్ర ఎక్కడ వెయ్యాలో చూపించండి.